ఇల్లు లేని తలుపు

హోల్డ్‌ఫాస్ట్ ఊళ్ళో అందరికీ ఇళ్ళుండేవి, ఆ ఇళ్ళకు తలుపులుండేవి. బర్నబా త్రప్‌కు మాత్రం ఇల్లు లేదు గానీ తలుపుండేది.

బర్నబా డెవన్ సీమవాడు. పీపాలు చేసే హిజ్కియా మజ్ మేస్త్రీ దగ్గర ఏడేళ్ళు చాకిరీ చేస్తానని కాగితం మీద గుర్తు పెట్టి, ఓడెక్కి మసాచుసెట్స్ తీరానికి వచ్చాడు. ఓడ ఖర్చు మేస్త్రీది, ఏడేళ్ళ రెక్కల కష్టం బర్నబాది. కూడు, గుడ్డ, పడుకోను అటక, ఆదివారం రెండు పూటలా వాక్యం, ఇదీ ఒప్పందం. ఓక్ దుంగను బద్దలుగా చీల్చి, చిత్రిక పట్టి, వంపు తీసి కట్టలు కట్టడం దుకాణంలో పని. ఆ బద్దలు ఓడల మీద ద్రాక్షసారా చేసే దీవులకు పోయి అక్కడ పీపాలయ్యేవి. వంపు కుదరనివి పొయ్యిలోకి పోయేవి.

రెండో చలికాలంలో ఒకనాడు బర్నబా ఒక వంకర బద్దను పొయ్యి దాకా తీసుకెళ్ళి, చేత్తో తడిమి, మళ్ళీ వెనక్కి తెచ్చి గోడకు ఆనించాడు.

"ఏంట్రా అది? చలికి ముక్కులూడిపోతుంటే కట్టె దాస్తున్నావ్?" అన్నాడు మేస్త్రీ.

"తలుపు చేసుకుంటానండీ."

"దేనికీ?"

"ఇంటికండీ."

"ఏ ఇంటికిరా నాయనా?"

బర్నబా తల గోక్కున్నాడు. "అది ఇంకా తెలీదండీ. ముందు తలుపంటూ ఉంటే..."

మేస్త్రీ కడుపు పట్టుకుని నవ్వాడు. కానీ పుట్టిన దగ్గర్నుంచీ పరాయివాళ్ళ తలుపులు తియ్యడం, వెయ్యడమే తప్ప, తను లోపలుండి తనే గడియ పెట్టుకున్నది ఒక్కనాడూ లేదని బర్నబా అన్నప్పుడు ఆ నవ్వు ఎక్కడిదక్కడ ఆగింది. ఆ సాయంత్రం మేస్త్రీ తనే ఇంకో వంకర బద్ద తెచ్చి మొదటిదాని పక్కన నిలబెట్టాడు. అది మొదలు ఆ దుకాణంలో పనికిరాని బద్దలు కాస్త ఎక్కువే తయారయ్యేవి. మజ్ మేస్త్రీ చెయ్యి ముసలిదైపోతోందని ఊరంతా అనుకుంది. ఆయన అనుకోనిచ్చాడు.

అలా నాలుగేళ్ళకు తలుపు పూర్తయింది. కాస్త బొజ్జ కట్టినట్టు మధ్యలో ముందుకు ఉబ్బి ఉండేది, పీపా బద్దలు కదా మరి. ఇల్లు లేని తలుపు ఊరికే ఉంటే ఊరు ఊరుకుంటుందా? జక్కయ్య పెల్ మంచు మీద జారి కాలు విరగ్గొట్టుకున్న నాడు ఆయన్ను దాని మీదే మోసుకొచ్చారు. ముసలి గిద్యోను టాబ్ భార్య పోయినప్పుడు ఆవిడకు ఆఖరి స్నానం దాని మీదే. సంఘ కాపరి ఫెన్ అయ్యగారికి జ్వరమొస్తే అదే మంచం. ఓబద్యా క్రేక్ తన కూతురి పెళ్ళికి భోజనాల బల్లగా పట్టుకెళ్ళి, పెళ్ళయ్యాక ఉప్పుచేపలు ఎండబెట్టుకుని, మళ్ళీ శీతాకాలం దాకా తిరిగివ్వలేదు. ఎవరడిగినా బర్నబా ఇచ్చాడు. తిరిగొచ్చినప్పుడల్లా ఇసకతో తోమి, కొత్తగా అంటిన వాసన ఎవరి ఇంటిదో కనిపెట్టి, వాళ్ళ పేరున ఒక చిన్న ప్రార్థన చేసి, అటక పక్కన నిలబెట్టుకునేవాడు.

ఆ ఊళ్ళో పెద్దలంతా కూడి దేన్నయినా తీర్మానించాలంటే గింజలు వెయ్యాలి. మొక్కజొన్న గింజ వేస్తే సరే అన్నట్టు, చిక్కుడు గింజ వేస్తే వద్దన్నట్టు. కాపలా దళం వాళ్ళ ఇనప టోపీ వరస వెంట తిరుగుతుంది, గుప్పిట దాచి గింజ వదలాలి. సంఘం ముందు నిలబడి తన మారుమనస్సు గురించి సాక్ష్యం చెప్పి, పెద్దల్ని ఒప్పించినవాడికే ఆ హక్కు. హక్కున్నవాడు ఏదో ఒక గింజ వేసి తీరాలి. ఊరకే కూర్చుంటానంటే జరిమానా.

బర్నబా ఒప్పందం తీరబోయే ముందరి కోతలప్పుడు ఒక ఓడ కెప్టెన్ రేవులో దిగి, ప్రార్థన మందిరానికి గంట అమ్ముతానన్నాడు. అప్పటిదాకా హోల్డ్‌ఫాస్ట్‌లో ఆరాధనకు జనాన్ని పిలవాలంటే శంఖం ఊదేవారు. పక్క ఊరివాళ్ళకు గంట ఉంది. అది తలుచుకుంటే మనవాళ్ళకు నిద్ర పట్టేది కాదు. కెప్టెన్‌కు కావలసింది మొక్కజొన్న. ఊరు కూడి గింజలు వేసింది. టోపీ నిండా మొక్కజొన్నే. దాచుకున్న మొక్కజొన్న మొత్తం ఓడెక్కింది, గంట దిగింది. ఓడ కనుమరుగయ్యాక గంట ఎత్తి చూస్తే దానికి నాలుక లేదు.

గిద్యోను టాబ్ సుత్తి పట్టుకుని నిచ్చెనెక్కి కొట్టేవాడు. ఖంగుమని మోగడానికి బదులు, ఎవరో సత్తుగిన్నె కింద పడేసినట్టుండేది. అయినా మన గంట కదా అని అందరూ చెవులారా వినేవారు.

మాఘం చలి ముదిరేసరికి ఇళ్ళల్లో మిగిలిన కాసిని మొక్కజొన్న గింజలూ అడుగంటాయి. నది మూల ఉండే పాటకెట్ ఆదివాసులు దయతలచి ఇచ్చిన బుట్టలూ అయిపోయాయి. మిగిలింది చిక్కుళ్ళు, ఉప్పుచేప, బురదలో తవ్వుకునే గుల్లలు. పొద్దున చిక్కుళ్ళు, రాత్రి చిక్కుళ్ళు. దాని మీద ఒక గాలివాన వచ్చి మందిరం తలుపును పీకి సముద్రంలో విసిరేసింది. పడవేసుకుని వెళ్ళినవాళ్ళకు అది అలల మీద తేలుతూ పోవడం కనిపించింది గానీ చిక్కలేదు. ఎవరిని అడగాలో ఊరికి ఆలోచించే పని లేదు కదా.

"ఒరే బర్నబా, కాస్త ఆ తలుపు..." అంటూ వచ్చాడు జక్కయ్య పెల్.

బర్నబా తలుపు మందిరానికి ఎక్కింది. బొజ్జ వల్ల ఒక పక్క సందు మిగిలి, ఫెన్ అయ్యగారు ప్రసంగంలో గొంతు పెంచినప్పుడల్లా గాలి ఈల వేసేది.

ఇక అసలు సంగతి. మార్చిలో బర్నబా ఏడేళ్ళూ నిండుతున్నాయి. ఆ తీరంలో పెళ్ళి కాని మగవాడు ఒంటరిగా ఉండకూడదు. ఊరు ఒప్పుకుని ఇంటిస్థలం ఇస్తే ఉండొచ్చు. ఇవ్వకపోతే మళ్ళీ ఎవరి కిందో చాకిరీకి కుదరాలి, లేదా ఊరు వదిలి పోవాలి. వాగు ఒడ్డున చిన్న గడ్డినేల ఒకటి ఖాళీగా ఉంది, అది ఇప్పించండని బర్నబా అడిగాడు. అదే నేల నా పందులకు కావాలని ఓబద్యా క్రేక్ అడిగాడు. సభలో అడగబోయే ప్రశ్నలన్నీ వారం ముందు మందిరం తలుపుకు మేకులతో కొట్టాలి. సభ నడిపేది జక్కయ్య పెల్.

"నీ తలుపు కదా, మేకు నువ్వే కొట్టు, చీలకుండా చూసుకో" అన్నాడాయన. బర్నబా తన ప్రశ్నా, క్రేక్ ప్రశ్నా రెండూ తన తలుపు మీద తనే కొట్టాడు. క్రేక్‌ది ముందు.

ఒప్పందం ముగింపున చాకిరీ చేసినవాడికి ఇవ్వాల్సినవి మజ్ మేస్త్రీ శీతాకాలం మొదట్లోనే ఇచ్చేశాడు: ఒక గొడ్డలి, ఒక కోటు, విత్తనాలకని జడలా అల్లిన మొక్కజొన్న కంకులు. ఎర్ర గింజ. అది అటక దూలానికి వేలాడుతోంది. కింద మేస్త్రీ భార్య పేషెన్స్ అమ్మ రోజూ చిక్కుళ్ళు కలుపుతూ దాని వంక చూసి, చూపు తిప్పుకునేది.

"అమ్మా, ఒక్క కంకి దంచుకోరాదూ?" అన్నాడు బర్నబా ఒకసారి.

"ఆ జడ మీద చెయ్యి వేశావంటే గరిటెతో వాయిస్తా. రేపు వాగు ఒడ్డున ఏం విత్తుతావు, నా తలకాయా?" అని కసిరి, అతని గిన్నెలో ఒక గరిటె ఎక్కువ వేసింది.

సభ రోజు వచ్చింది. మగాళ్ళంతా మందిరంలో కూర్చున్నారు. హక్కు లేని బర్నబా వెనక బల్ల మీద, తన తలుపు పక్కన.

పెల్ మొదటి ప్రశ్న చదివాడు. "మందిరం కప్పు బాగు చేయించాలా?"

నెత్తిన కారుతున్న చుక్కను తుడుచుకుంటూ ఒక్కొక్కరే గింజ వేశారు. టోపీ బోర్లిస్తే అన్నీ చిక్కుళ్ళే.

"కప్పు వద్దు" అని ప్రకటించాడు పెల్.

"వద్దంటామా! కారుతోంది నెత్తి మీద!" అని లేచాడు మజ్ మేస్త్రీ. "మొక్కజొన్న లేక చిక్కుడు వేశాం. ఊళ్ళో గింజ ఎక్కడుందయ్యా?"

"టోపీలో ఉన్నదే నేను చదువుతాను సోదరా. మీ గుండెల్లో ఉన్నది చదవడానికి నేనెవర్ని?"

జక్కయ్య పెల్ చెడ్డవాడు కాదు. కాకపోతే నిబంధన అంటే ఆయనకు బైబిలు తర్వాత బైబిలు. రెండో ప్రశ్న చదివాడు. ఫెన్ అయ్యగారు మరో ఏడాది సంఘానికి కాపరిగా ఉండాలా?

టోపీ బోర్లిస్తే ఒక్క మొక్కజొన్న గింజ లేదు. అయ్యగారు లేచి నిలబడ్డాడు. మెత్తటి మనిషి. "పోయిన ఆదివారం ప్రసంగం మరీ పొడుగైందా?"

"అదీ ఒకటుందనుకోండి" అన్నాడు గిద్యోను టాబ్ కళ్ళు తుడుచుకుంటూ. "కానీ ఇది దానికి కాదు అయ్యగారూ. మీరంటే మాకు ప్రాణం. గింజే లేదు."

అందరూ వరసగా వచ్చి అయ్యగారి చెయ్యి పట్టుకుని క్షమించమన్నారు. ఆయన అందరినీ క్షమించి, ఉద్యోగం లేకుండా కూర్చున్నాడు.

"ఒక పని చేద్దాం" అన్నాడు మేస్త్రీ. "ఈ ఒక్క సభకూ చిక్కుడే సరే అనుకుందాం."

"నిబంధన మార్చడమన్నమాట. మంచిదే, దానికి మేకు కొట్టక్కర్లేదు. మార్చాలా అని గింజలు వెయ్యండి" అన్నాడు పెల్.

వేశారు. చిక్కుళ్ళే. మార్చొద్దని తేలింది.

"అయితే ప్రశ్న తిరగేసి అడుగు! అయ్యగారిని పంపెయ్యాలా అని అడుగు. అందరం చిక్కుడేసి వద్దంటాం."

"వారం కిందట తలుపు మీద కొట్టిన ప్రశ్న ఎట్లా ఉంటే అట్లానే అడగాలి. మాట తిప్పితే జరిమానా. ఈ నిబంధన పెట్టింది నువ్వే సోదరా, మొక్కజొన్న వేసి మరీ పెట్టావు."

మేస్త్రీ కూలబడ్డాడు. ఇక లాభం లేదు, ఇళ్ళకు పోదామన్నారు అందరూ. పెల్ ఆనవాయితీ ప్రశ్న అడిగాడు. "సభ ముగించాలా?"

చిక్కుళ్ళు గలగలమన్నాయి. సభ ముగించొద్దని ఊరు ఏకగ్రీవంగా తీర్మానించింది. సభ ముగియకుండా మందిరం తలుపు దాటినవాడికి జరిమానా ఎంతో అందరికీ తెలుసు. ఎవరూ కదల్లేదు.

ఆడవాళ్ళు కుండలు మోసుకొచ్చి తలుపు సందులోంచి గిన్నెలు అందించారు. అన్నీ చిక్కుళ్ళే. పేషెన్స్ అమ్మ సందుకు మూతి పెట్టి, "ఏమయ్యా, మందలో గొర్రెలైనా చీకటి పడితే ఇంటికొస్తాయి కదా!" అని మొగుణ్ణి కేకలేసింది. "మా కాపరిని మేమే పీకేశాం. ఇక మమ్మల్ని ఇంటికి తోలేదెవరు?" అన్నాడు లోపల్నుంచి మేస్త్రీ. ఆ రాత్రి బల్లల మీదే పడుకున్నారు.

తెల్లారింది. బర్నబాకు రాత్రంతా కునుకు లేదు. తన ప్రశ్న ఇంకా రాలేదు. వస్తే ఏమవుతుందో ఇప్పుడు తెలుసు. తను ఏడేళ్ళుగా ఎవరి పీపాలు మోశాడో, ఎవరికి తలుపిచ్చాడో, వాళ్ళంతా కన్నీళ్ళు పెట్టుకుంటూ ఒక్కొక్క చిక్కుడు గింజా వేసి తనను ఊరు దాటిస్తారు. అటక మీద జడ గుర్తొచ్చింది. హక్కు లేనివాడు సభ మధ్యలో వెళ్ళొచ్చు, రావచ్చు. లేచి వెళ్ళాడు.

పేషెన్స్ అమ్మ గరిటె పట్టుకునే ఎదురొచ్చింది. అతను జడ దింపుతుంటే చూసింది. కొట్టలేదు.

"ఎంత తీస్తావురా?"

"తలా ఒక గింజ చాలు గదమ్మా. ప్రశ్నకో గింజ."

"తీసుకెళ్ళు. కానీ దారిలో కోళ్ళున్నాయి జాగ్రత్త" అంది.

బర్నబా కంకులు తెచ్చి పెల్ ముందు పెట్టాడు. సభంతా లేచి నిలబడి, ఎర్ర గింజల వంక చూసింది. ఎవరిదో కడుపు గట్టిగా అరిచింది.

"ఓడిన ప్రశ్నను సూర్యోదయం తర్వాత మళ్ళీ అడగొచ్చు, నిబంధన ఉంది" అన్నాడు పెల్, ముఖం వెలిగిపోతూ. అంతలోనే ఆ వెలుగు ఆరిపోయింది. "కానీ ఒరే అబ్బాయ్, నీ ప్రశ్న కూడా ఉంది కదా. అడిగేవాడే గింజ పంచితే దాన్నేమంటారు?"

"లంచమంటారు!" అన్నాడు ఓబద్యా క్రేక్. "వాడి గింజతో వాడికే సరే చెప్పాలా? మా బాగుంది!"

"నీ కూతురి పెళ్ళి భోజనం వాడి తలుపు మీద తిన్నప్పుడు లంచం గుర్తుకు రాలేదేం?" అన్నాడు మేస్త్రీ.

"తలుపు తిన్లేదుగా నేను!"

అయ్యగారిని తీర్పు చెప్పమన్నారు. నిన్నటి నుంచి కాపరిని కానని ఆయన చెప్పలేనన్నాడు. పెల్ చాలాసేపు గడ్డం నిమురుకున్నాడు. చివరికిలా అన్నాడు: బర్నబా ఈ గింజలు ఊరికి ఇచ్చేయాలి. ఇచ్చిన క్షణం నుంచీ అవి ఊరి గింజలు, వాటి మీద అతనికి ఏ హక్కూ లేదు. ప్రశ్న ప్రశ్నకూ పెల్ తలా ఒకటి పంచుతాడు. బర్నబా ప్రశ్నకు మాత్రం పంచడు. సభ ముగింపుకు ఒక కంకి పక్కన పెడతాడు.

"ఒప్పుకుంటావా? ఒప్పుకోకపోతే నీ కంకులు నువ్వు పట్టుకెళ్ళొచ్చు."

బర్నబా లెక్క వేసుకున్నాడు. ఇస్తే కప్పుకు సరే అంటారు. క్రేక్ పందులకూ సరే అనగలుగుతారు, తన గింజతోనే. తనకు మాత్రం చిక్కుళ్ళు. తలుపు వంక చూశాడు. గాలి సందులోంచి సన్నగా ఈల వేసింది. అయ్యగారు మూలన ముడుచుకుని కూర్చుని, కారే చుక్క కింద నుంచి కూడా జరగకుండా ఉన్నాడు. జ్వరంలో తన తలుపు మీద పడుకుని ఆయన అందరి పేర్లూ పలవరిస్తూ ప్రార్థించడం బర్నబా విన్నాడు. వాటిలో హక్కు లేని తన పేరు కూడా ఉంది.

"తీసుకోండి" అన్నాడు.

కప్పుకు సరే అన్నారు. అయ్యగారికి సరే అన్నారు. ఆయన అక్కడే మోకాళ్ళూని దేవునికి స్తోత్రం చెప్పాడు. లెక్కయ్యాక గింజల్ని గుమ్మం బయట చల్లేస్తారు, ఒకే గింజను రెండుసార్లు వాడకూడదు కనక. కోళ్ళు పరుగెత్తుకొచ్చాయి.

క్రేక్ ప్రశ్న వచ్చింది. పెల్ అందరి చేతుల్లో తలా ఒక ఎర్ర గింజ పెట్టాడు. ఆకలితో మాడుతున్న మనుషులు. ఒకటి నోట్లో వేసుకుంటే అడిగేవాడు లేడు. బర్నబా కళ్ళు మూసుకున్నాడు. టోపీ తిరిగింది. పెల్ బోర్లించాడు.

చిక్కుళ్ళు. వాటి మధ్య ఒకే ఒక్క ఎర్ర గింజ.

"ఇదేంటి!" అని గెంతాడు క్రేక్. "అందరి చేతుల్లో మొక్కజొన్న ఉందిగా! ఏం చేశారు దాన్ని?"

"వద్దనుకున్నాం సోదరా, చిక్కుడేశాం. ఆ హక్కు మాకు లేదా?" అన్నాడు మేస్త్రీ అమాయకంగా.

"పందుల ప్రశ్న ఓడింది" అన్నాడు పెల్. తర్వాత, కాగితం మీంచి తలెత్తకుండా, "వాగు ఒడ్డున నేల బర్నబా త్రప్‌కు ఇంటిస్థలంగా ఇవ్వాలా? ఈ ప్రశ్నకు నేను గింజ పంచను" అన్నాడు.

టోపీ బయల్దేరింది. ఈసారి ఎవరి గుప్పిటా తొందరగా తెరుచుకోలేదు. కోటు మడతల్లోంచి, మేజోళ్ళలోంచి, టోపీ అంచుల్లోంచి ఏదో తీస్తున్నారు. గిద్యోను దగ్గరికొచ్చేసరికి ఆయన నోట్లోంచి వేలితో తీశాడు.

పెల్ టోపీని బల్ల మీద బోర్లించాడు. ఎర్రగా పరుచుకుంది. ఒకే ఒక చిక్కుడు.

పెల్ వాటి మీదికి వంగాడు. ఒక గింజ పట్టుకుని బర్నబాను పిలిచాడు. "ఇది నీదా?"

అబద్ధమాడితే ఇల్లొస్తుంది. బర్నబా గింజ వంక చూశాడు. "నేను తెచ్చినదేనండీ" అన్నాడు.

"విన్నారా! వాడే ఒప్పుకున్నాడు!" అన్నాడు క్రేక్.

"తెచ్చినవాడెవరని కాదు" అన్నాడు పెల్ నిదానంగా. "ఎవరిదని అడుగుతున్నా. పొద్దున ఊరికిచ్చాడు. నువ్వే సాక్షివి సోదరా. కాబట్టి ఇది ఊరిది. నేను ఈ ప్రశ్నకు పంచానా? లేదు. చేతిలో ఏ గింజుంటే ఆ గింజ వెయ్యాలి. వేశారు. ఎక్కడ తప్పింది?" వెతికాడు. నిబంధనలన్నీ మనసులో వెతికాడు. తప్పు దొరకలేదు. మనిషి ముఖంలో అంత సంతోషం ఎవరూ ఎప్పుడూ చూడలేదు.

"మరి ఇది?" అని గిద్యోను వేసిన గింజను క్రేక్ ఎత్తి చూపాడు. సగమే ఉంది.

గిద్యోను భోరుమన్నాడు. "దవడలో దాచానయ్యా. పళ్ళకు తెలీదు కదా, కొరికేశాయి. క్షమించరా బర్నబా. మా ఆవిణ్ణి నీ తలుపు మీదే..."

"సగం గింజ సగం సరే" అన్నాడు పెల్. "మిగతాది కడుపులో ఉంది. అక్కడా సరేగానే ఉండి ఉంటుంది. బర్నబాకు స్థలం వచ్చింది."

అందరూ ఒక్కసారి అరిచారు. పై నుంచి మట్టి రాలింది. ఆ సందట్లో పెల్ ముగింపు కంకి ఒలిచి తలా ఒకటి పంచాడు. బరువు దిగిన మనుషులు, రెండు రోజుల ఆకలి. టోపీ వచ్చేలోపు మందిరమంతా కటకటా నమిలిన చప్పుడు. టోపీలో మళ్ళీ చిక్కుళ్ళే పడ్డాయి.

"సభ ముగియలేదు" అన్నాడు పెల్ నీరసంగా.

ఎవరూ ఎవరి ముఖమూ చూడలేకపోయారు. పెల్ కుంటుకుంటూ గుమ్మం దాకా వెళ్ళాడు. తన విరిగిన కాలిని మోసిన తలుపు మీద చెయ్యి వేశాడు. "మందిరం తలుపు దాటకూడదని కదా నిబంధన?" అన్నాడు మెల్లగా. "మందిరం తలుపు సముద్రంలో ఉంది. ఇది బర్నబా తలుపు. దీన్ని దాటొద్దని ఎక్కడా లేదు."

"ఆ మాట నిన్న చెప్పడానికేం నోరు పడిపోయిందా?" అని అరిచాడు మేస్త్రీ.

"నిన్న తట్టలేదు సోదరా."

జనం బిలబిలమంటూ బయటపడ్డారు.

వాగు ఒడ్డున ఇల్లు లేచింది. తలో చెయ్యీ వేశారు. బర్నబా గుమ్మాన్ని తన తలుపు కొలతకే, ఆ బొజ్జతో సహా, కోసుకున్నాడు. ఆ తర్వాత తలుపు కోసం మందిరానికి వెళ్తే ఊరు ఊరంతా గుమ్మానికి అడ్డంగా నిలబడింది.

"నీ తలుపు తీసేసి కొత్తది పెడితే అది మందిరం తలుపవుతుంది రా" అన్నాడు మేస్త్రీ బతిమాలుతూ. "ఆ సభ ఇంకా ముగియలేదు. ఒకసారి లోపలికెళ్తే మేం మళ్ళీ ఇళ్ళకెట్లా రావాలి?"

బర్నబా ఆలోచించాడు. "పోనీలెండి, అవసరానికే కదా" అన్నాడు. తన గుమ్మానికి పాత తెరచాప గుడ్డ వేలాడదీశాడు.

ఆ వసంతంలో మందిరం గుమ్మం ముందు కోళ్ళ కంటబడకుండా మిగిలిన గింజలు మొలకెత్తాయి. ఎర్ర మొక్కజొన్న లేచింది, చిక్కుడు తీగ దాన్ని చుట్టుకుని పైకి పాకింది. కప్పు వద్దన్న గింజ, అయ్యగారు కావాలన్న గింజ ఒకదాన్నొకటి పట్టుకుని నిలబడ్డాయి. ఓట్లను కొయ్యొచ్చా అని పెల్ కోతల దాకా మథనపడ్డాడు. చివరికి కంకులన్నీ కోసి బర్నబా వాకిట్లో పోశారు, విత్తనానికని. పేషెన్స్ అమ్మ అందులోంచి ఒక్క కంకి అడిగి పుచ్చుకుని, దంచి, రొట్టె చేసి, సగం అతనికే పంపింది.

బర్నబా తర్వాత సాక్ష్యం చెప్పి సంఘంలో చేరాడు, పెళ్ళాడాడు, పిల్లల్ని కన్నాడు, పీపాలు చేశాడు. తలుపు ఏటేటా అడుగుదామనుకున్నాడు. ఏటేటా సభ పాత సభకు కొనసాగింపుగానే మొదలయ్యేది. కప్పు కారడం మానేసింది, గంటకు నాలుక వచ్చింది, మొక్కజొన్న గాదెలు నిండాయి, సభ ముగించే సంగతి మాత్రం అందరూ మరిచిపోయారు. ఇంట్లో తెరచాప గుడ్డ గాలికి కొట్టుకునేది. ఎవరొచ్చినా తట్టడానికేమీ లేక, గుడ్డ పక్కకు జరిపి నేరుగా లోపలికొచ్చేవారు. గొడ్డలి కావాలని, నిప్పు కావాలని, ఊరికే కూర్చుందామని. బర్నబా ఒక్కనాడూ విసుక్కోలేదు.

చాలా ఏళ్ళకు, భార్య చనిపోయి, పిల్లలు తలో రేవూ చేరాక, ఒక శరదృతువు ఉదయం బర్నబా నిద్రలోనే ప్రభువు దగ్గరికి వెళ్ళాడు. మోసుకెళ్ళడానికి అతని తలుపే తేవాలని ఎవరూ చెప్పకుండానే నలుగురు మందిరానికి వెళ్ళి దాన్ని ఊడదీశారు. వాళ్ళు వాగు ఒడ్డుకు వచ్చేసరికి ఓబద్యా క్రేక్ అక్కడ కర్ర ఊతగా నిలబడి ఉన్నాడు. నడుం వంగిపోయి, పళ్ళు లేక, ఊళ్ళో ఆ సభను గుర్తు పెట్టుకున్న ఆఖరి మనిషి.

"ఆగండ్రా" అన్నాడు. "ముందు అక్కడ పెట్టండి."

తెరచాప గుడ్డ తీసేసి తలుపును గుమ్మానికి నిలబెట్టారు. బొజ్జతో సహా గాలి దూరే సందు లేకుండా కుదిరింది. లోపల బర్నబా ఒక్కడే ఉన్నాడు. తలుపు మూసుకుంది.

అందరూ టోపీలు తీసి వాకిట్లో నిలబడ్డారు. అంతసేపూ మందిరం గుమ్మం బార్లా తెరిచే ఉంది. క్రేక్ గారి పందులే లోపలికెళ్ళి బల్లల మధ్య పడుకున్నాయట, తోలినవాడు లేడు.

కాసేపయ్యాక క్రేక్ ముందుకొచ్చి, కర్ర చంకలో పెట్టుకుని, వంకర వేళ్ళతో తలుపు మీద మెల్లగా తట్టాడు.

"బర్నబా" అన్నాడు. "లోపలికి రావచ్చా?"